కహూట్ టీమ్ మోడ్: హైస్కూలు తరగతిలో ఎంతవరకు పనికివస్తుంది?

తరగతిని జట్లుగా విడదీసి క్విజ్ పెట్టడం మన బడులకు కొత్త సంగతేమీ కాదు. సైన్స్ దినోత్సవానికో బాలల దినోత్సవానికో దాదాపు ప్రతి హైస్కూల్లోనూ ఒక పోటీ జరుగుతుంది. అయితే అందులో తరగతికి నలుగురైదుగురు చురుకైన పిల్లలు ముందు వరుసలో కూర్చుంటే మిగిలిన నలభై మంది చప్పట్లు కొట్టడానికే పరిమితమవుతారు. కహూట్ వంటి ఆన్‌లైన్ క్విజ్ సాధనాలు ఈ ఏర్పాటును మార్చేశాయి. వీటిలో ప్రతి ప్రశ్నకూ ప్రతి జట్టూ ఒకే సమయంలో జవాబు చెప్పి తీరాలి, తమ వంతు కోసం ఎదురుచూస్తూ కూర్చునే పని ఎవరికీ ఉండదు. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడిగా నేను ఈ సాధనంలోని టీమ్ మోడ్‌ను ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల్లో పునశ్చరణకు వాడుతున్నాను. దీని మంచిచెడ్డలు తేల్చడానికి నేను పెట్టుకున్న కొలమానం ఒక్కటే: మీట నొక్కే ముందు జట్టులోని పిల్లలు ఒకరితో ఒకరు ఎంత మాట్లాడుకుంటున్నారు? జట్టు క్విజ్‌లో చదువు జరిగేది ఆ మాటల్లోనే. సంగీతం, పాయింట్లు, విజేతల వేదిక అన్నీ ఆ మాటలను పుట్టించినంత వరకే విలువైనవి.

నార్వేలోని ఎన్‌టీఎన్‌యూ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు ఆల్ఫ్ ఇంగే వాంగ్ 2006లో మొదలుపెట్టిన ‘లెక్చర్ క్విజ్’ అనే ప్రయోగం నుంచి కహూట్ పుట్టింది. 2012లో సంస్థగా ఏర్పడి 2013లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. వాడే పద్ధతి తేలిక. ఉపాధ్యాయుడు పెద్ద తెర మీద ఆట తెరవగానే ఒక పిన్ నంబరు కనిపిస్తుంది, పిల్లలు తమ దగ్గరున్న కంప్యూటర్‌లోనో ట్యాబ్‌లోనో బ్రౌజరు తెరిచి ఆ నంబరు కొట్టి చేరతారు. యాప్ వేసుకోనక్కర్లేదు, పిల్లలకు ఖాతా అక్కర్లేదు. మామూలుగా ప్రశ్న, జవాబులు పెద్ద తెర మీదే వస్తాయి. పిల్లల ముందున్న తెర మీద ఎర్ర త్రిభుజం, నీలం డైమండ్, పసుపు వృత్తం, ఆకుపచ్చ చతురస్రం మాత్రమే ఉంటాయి. రంగుకు తోడు ఆకారం కూడా ఉండటం వల్ల రంగులు పోల్చుకోలేని పిల్లలకు ఇబ్బంది రాదు. టీమ్ మోడ్‌లో జట్టుకొక పరికరం చాలు. జట్టు పేరు, దాని కింద సభ్యుల పేర్లు నమోదు చేస్తారు. ప్రతి ప్రశ్న వచ్చాక మీటలు తెరుచుకునే ముందు, మాట్లాడుకోవడానికని ఐదు సెకన్ల వ్యవధి ఇస్తుంది.

ఆ ఐదు సెకన్లు చాలతాయా లేదా అన్నది మనం అడిగే ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది. ‘కిరణజన్య సంయోగక్రియ జరిగే కణాంగం ఏది?’ అని అడిగితే ఐదు సెకన్లు ఎక్కువే. తెలిసినవాడు హరితరేణువు అంటాడు, మిగిలినవారు తలూపుతారు, జట్టుగా కూర్చోబెట్టిన ప్రయోజనం అక్కడితో పోతుంది. అదే పాఠం నుంచి నేను అడిగే మరో ప్రశ్న ఇది: ‘బాగా ఎండిన మామిడి దుంగ బరువులో అత్యధిక భాగం ఎక్కడి నుంచి వచ్చింది?’ నేల, నీరు, గాలి, ఎండ అన్నవి నాలుగు జవాబులు. పుస్తకంలో ఈ వాక్యం ఇలాగే దొరకదు కనుక బట్టీ పట్టినవారికీ పట్టనివారికీ ఇక్కడ ఒకే స్థానం. చాలా జట్లు తడుముకోకుండా నేల వైపు మొగ్గుతాయి, ఎరువు వేస్తేనే కదా చెట్టు ఎదిగేది అని వాళ్ల తర్కం. ఒక జట్టులో సాధారణంగా నోరు విప్పని అమ్మాయి, ‘మట్టి నుంచి వస్తే కుండీలో మట్టి తగ్గిపోవాలి కదరా! మా తులసి కుండీలో మట్టి ఎప్పుడూ అంతే ఉంటుంది’ అని అడ్డుపడింది. ‘అయితే రోజూ పోసే నీళ్లే బరువు’ అన్నాడు పక్కవాడు. ‘ఎండిన దుంగ అన్నారు, నీళ్లు ఎండిపోయాయిగా’ అని మూడోవాడు అందుకున్నాడు. వాళ్లు చివరికి నొక్కింది తప్పు జవాబే, సరైనది గాలి. అయినా ఆ నిమిషంలో ఆ జట్టు చేసిన ఆలోచన ఆ పాఠం మీద నేను రెండు పీరియడ్లు చెప్పినా రాదు.

ఆ మాటలకు చరిత్రలో కూడా తోడు ఉంది. వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త సుమారు 90 కిలోల ఎండు మట్టిలో రెండు కిలోల పైచిలుకు బరువున్న విల్లో మొక్కను నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోసి, చివరికి తూచి చూశాడు. చెట్టు 76 కిలోలు దాటింది, మట్టి 60 గ్రాములు కూడా తగ్గలేదు. ఆయన మరణానంతరం 1648లో అచ్చయిన గ్రంథంలో ఈ ప్రయోగం ఉంది. అంత జాగ్రత్తగా తూచిన మనిషి కూడా చెట్టు బరువంతా నీటి నుంచే వచ్చిందని తేల్చుకున్నాడు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మొక్క దేహంగా మారుతుందన్నది ఆ కాలానికి తెలియని సంగతి. నీరు అని నొక్కిన జట్టుకు ఈ కథ చెబితే వాళ్ల ముఖం చిన్నబోదు, ఒక గొప్ప ప్రయోగకర్తతో కలిసి పొరబడ్డామన్న ఉత్సాహం కనిపిస్తుంది. ఇక్కడ కహూట్‌లో నాకు చాలా నచ్చిన గుణం ఒకటి చెప్పాలి. ప్రతి ప్రశ్న తర్వాత ఏ జవాబును ఎన్ని జట్లు ఎంచుకున్నాయో పట్టీల రూపంలో చూపించి, ఉపాధ్యాయుడు నొక్కేదాకా ఆట ముందుకు కదలదు. ఆ విరామంలోనే పాఠం చెప్పాలి. నేల అని నొక్కిన జట్టులో ఒకరిని లేపి కారణం అడగకుండా తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయే ఉపాధ్యాయులకు ఈ సాధనం కాలక్షేపంగానే మిగులుతుంది.

ఇక పాయింట్ల సంగతి. కహూట్ మామూలు పద్ధతిలో సరైన జవాబుకు గరిష్ఠంగా 1000 పాయింట్లు ఇస్తుంది, ఆలస్యమైన కొద్దీ తగ్గిస్తూ చివరి క్షణంలో నొక్కితే 500 దగ్గర ఆపుతుంది. 20 సెకన్ల ప్రశ్నకు ఐదో సెకనులో జవాబిచ్చిన జట్టుకు 875 వస్తే, పదిహేనో సెకను దాకా వాదించుకుని అదే జవాబుకు చేరిన జట్టుకు 625 మాత్రమే దక్కుతాయి. ఆలోచించిన జట్టుకు 250 పాయింట్ల నష్టమన్నమాట. రెండు మూడు ప్రశ్నలు గడిచేసరికి పిల్లలకు ఈ లెక్క ఒంటబడుతుంది. మాటలు మానేసి తెలివైన పిల్లవాడి చేతికి పరికరం అప్పగిస్తారు. ఇది ఈ సాధనం రూపకల్పనలోనే ఉన్న లోపమని నా అభిప్రాయం. ఒకరొకరుగా ఆడేటప్పుడు వేగానికి విలువ ఇవ్వడం అర్థమవుతుంది, కాని కలిసి ఆలోచించమని చెప్పి తొందరపడినవారికి బహుమానం ఇవ్వడం పరస్పర విరుద్ధం.

అయితే దీనికి ఆ సాధనంలోనే ఒక మందు ఉంది. ప్రశ్నకు గడువును ఐదు సెకన్ల నుంచి నాలుగు నిమిషాల దాకా మన ఇష్టం వచ్చినట్టు పెట్టుకోవచ్చు. గడువు పెరిగేకొద్దీ వేగానికి దక్కే వాటా పలచబడుతుంది. నాలుగు నిమిషాల గడువు పెడితే పదో సెకనులో నొక్కినవారికి 979, నిమిషం ఆలోచించి నొక్కినవారికి 875 వస్తాయి, తేడా 104 మాత్రమే. ఒక్క తప్పు జవాబుకు పోయే పాయింట్లతో పోలిస్తే అది లెక్కలోకి రాదు కనుక పిల్లలు తొందరపడటం కంటే సరిచూసుకోవడమే మేలని గ్రహిస్తారు. నాలుగు నిమిషాలంటే పీరియడ్ అంతా ఒక్క ప్రశ్నకే పోతుందని భయపడనక్కర్లేదు, జట్లన్నీ జవాబిచ్చేయగానే గడువు మిగిలి ఉన్నా ప్రశ్న ముగిసిపోతుంది. టీమ్ మోడ్ వాడదలచిన ఉపాధ్యాయులు వేరే ఏ అమరికను మార్చినా మార్చకపోయినా ఈ ఒక్కటి తప్పక మార్చుకోవాలి. ఒకసారి నొక్కిన జవాబును వెనక్కి తీసుకునే వీలు లేకపోవడం మాత్రం మిగిలే లోటు. వాదన సగంలో ఉండగా ఎవరి వేలో తగిలితే ఆ జట్టు ఆ ప్రశ్నకు అంతటితో సరిపెట్టుకోవాల్సిందే.

ఈ ఇబ్బందులు మన తరగతులకే పరిమితమైనవి కావు. కహూట్ మీద జరిగిన 93 అధ్యయనాలను పరిశీలించి వాంగ్, రబైల్ తాహిర్ 2020లో ‘కంప్యూటర్స్ అండ్ ఎడ్యుకేషన్’ పత్రికలో ఒక సమీక్షా వ్యాసం ప్రచురించారు. అభ్యసనం మీద, తరగతి వాతావరణం మీద మొత్తం మీద మంచి ప్రభావమే ఉందని అందులో తేల్చారు. సాధనం పుట్టుకతో సంబంధమున్న వ్యక్తే రాసినా ఇబ్బందులను దాచలేదు. నమ్మకం లేని ఇంటర్నెట్, పెద్ద తెర మీద ప్రశ్నలు సరిగా కనబడకపోవడం, గడువు ఒత్తిడి, జవాబు మార్చుకోలేకపోవడం, ఒకసారి వెనకబడితే అందుకోలేమన్న భయం అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి.

పరికరాల విషయానికి వస్తే, ఆంధ్రప్రదేశ్‌లో విద్యార్థులు బడికి సెల్‌ఫోన్ తేవడాన్ని 2023 ఆగస్టులో విద్యాశాఖ నిషేధించింది. అది సరైన నిర్ణయమేనని నేను భావిస్తాను. కాబట్టి ప్రతి పిల్లవాడి చేతిలో ఒక ఫోన్ ఉంటుందని ఊహించుకుని చేసిన ఆటలు ఇక్కడ కుదరవు. జట్టుకొక పరికరం చాలన్న టీమ్ మోడ్ సౌకర్యం మనకు అక్కరకు వచ్చేది ఇక్కడే. కంప్యూటర్ గదిలో పనిచేసే సిస్టమ్‌లు ఎనిమిది ఉంటే ఎనిమిది జట్లు చేసి నలభై మందినీ ఆడించవచ్చు. నాడు–నేడు పనుల్లో భాగంగా చాలా ఉన్నత పాఠశాలలకు ఐఎఫ్‌పి ప్యానెళ్లు (గోడకు బిగించే పెద్ద డిజిటల్ తెరలు) వచ్చాయి కనుక పెద్ద తెరకు ప్రొజెక్టర్ వెతుక్కోనక్కర్లేదు. ప్యానెల్ ఒక గదిలో, కంప్యూటర్లు మరో గదిలో ఉన్న బడుల్లో మాత్రం సెట్టింగుల్లోకి వెళ్లి ప్రశ్నలు, జవాబులు పిల్లల తెరల మీద కూడా కనిపించేలా మార్చుకుంటే చాలు, ప్యానెల్ లేకుండానే పని జరుగుతుంది. వెనక బెంచీలవారికి అక్షరాలు కనబడవన్న బాధ కూడా దీంతో తీరుతుంది. ఇంటర్నెట్ లేని బడిలో ఈ ఆట జరగదు, దానికి దారి వేరే ఉంది. సంగీతం పక్క తరగతికి వినబడుతుంది కనుక దాన్ని ఆపేసి ఆడించడం మర్యాద.

తెలుగు మాధ్యమంలో చదివే పిల్లల కోసం ప్రశ్నలను తెలుగులోనే టైపు చేయవచ్చు. అక్షరాలు ప్యానెల్ మీద చక్కగా కనిపిస్తాయి. చిక్కల్లా ప్రశ్నకు 120, జవాబుకు 75 అక్షరాలన్న పరిమితితోనే. మనం ఒక అక్షరమనుకునేది కంప్యూటర్ లెక్కలో ఒకటి కాదు. గుణింతపు గుర్తు, పొల్లు, వత్తు దేనికదే విడిగా లెక్కకు వస్తుంది. ‘కిరణజన్య సంయోగక్రియ’ అన్న రెండు మాటలకే 19 పోతాయి. అందువల్ల సందర్భం వివరించి అడగాల్సిన ప్రశ్నలను తెలుగులో ఇమడ్చడం కష్టమవుతుంది. నేను సందర్భాన్ని, పటాన్ని నల్లబల్ల మీద రాసి, తెర మీద ప్రశ్న వాక్యం మాత్రమే ఉంచుతాను. మీటలూ సూచనలూ ఇంగ్లిష్‌లో ఉన్నా పిల్లలు రంగులు, ఆకారాలతోనే పని కానిచ్చేస్తారు కనుక ఆరో తరగతి వాళ్లు కూడా తడబడరు. జట్ల పేర్లు మాత్రం పిల్లల ఇష్టానికి వదలకుండా వంశధార, నాగావళి, గోదావరి, కృష్ణ, పెన్న, తుంగభద్ర అని ముందే ఇచ్చేస్తే అనవసరపు అల్లరి ఉండదు.

జట్లను ఎలా కూర్చాలన్నది ఏ సాధనమూ మనకు చెప్పదు. రోల్ నంబర్ల వరుసలో విడదీస్తే చదువరులంతా ఒకచోట చేరే అవకాశం ఉంది, స్నేహితుల ఇష్టానికి వదిలితే ఎవరూ పిలవని పిల్లలు కొందరు మిగిలిపోతారు. 1970వ దశకం తొలినాళ్లలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ డివ్రీస్, కీత్ ఎడ్వర్డ్స్ రూపొందించిన ‘టీమ్స్–గేమ్స్–టోర్నమెంట్’ పద్ధతి ఈ విషయంలో నాకు ఇప్పటికీ మేలైన దారిగా కనిపిస్తుంది. అందులో జట్టులో అన్ని స్థాయుల పిల్లలూ కలిసి ఉండి కలిసి చదువుకుంటారు, పోటీ వేళకు మాత్రం ఒక్కొక్కరూ వేరే జట్లలోని తమ స్థాయివారితో తలపడతారు. వెనకబడిన పిల్లవాడు కూడా తన స్థాయి బల్ల దగ్గర గెలిస్తే తరగతిలో మొదటివాడు తెచ్చినన్ని పాయింట్లు జట్టుకు తేగలడు. అందుచేత వాడికి పాఠం నేర్పించాల్సిన అవసరం జట్టు మొత్తానికి కలుగుతుంది. కహూట్‌లో అటువంటి ఏర్పాటు లేదు. జట్టులో ఒక్కడికి తెలిస్తే జట్టంతటికీ తెలిసినట్టే లెక్క. దీన్ని సరిదిద్దడానికి నేను రెండు నియమాలు పాటిస్తాను. ప్రశ్న ప్రశ్నకూ పరికరం పక్కవారి చేతికి మారాలి, నొక్కే హక్కు ఆ సమయానికి అది ఎవరి చేతిలో ఉంటే వారిదే. జవాబు సరైనదైనా కారణం నేను లేపినవారు చెప్పాలి, చెప్పలేకపోతే ఆ జట్టుకు నల్లబల్ల మీద నేను వేసే అదనపు మార్కు రాదు. రెండో నియమం వచ్చినప్పటి నుంచి జట్లలో ‘వీడికి అర్థమయ్యేలా ఇంకోసారి చెప్పు’ అన్న మాట వినబడుతోంది. నాకు విజేతల వేదిక మీద వచ్చే పేర్లకంటే ఆ మాట ముఖ్యం.

ఆట ముగిశాక వచ్చే నివేదికను దించుకోవచ్చు. ఎక్కువ మంది తప్పిన ప్రశ్నలు అందులో విడిగా కనిపిస్తాయి కనుక మర్నాడు ఏ భాగాన్ని మళ్లీ చెప్పాలో తెలుస్తుంది. కాని టీమ్ మోడ్‌లో వచ్చే లెక్క జట్టుదే. ఏ పిల్లకు ఏది అర్థం కాలేదో దాని నుంచి తెలుసుకోలేం. కాబట్టి దీన్ని నిర్మాణాత్మక మూల్యాంకనానికి, అంటే చదువు సాగుతుండగానే ఏ పిల్లకు ఎంత వచ్చిందో చూసే పరీక్షకు, బదులుగా వాడకూడదు, దాని ముందు జరిపే పునశ్చరణగానే చూడాలి.

ఈ లోటును పూడ్చడానికీ, పరికరాలు లేని బడులకూ ప్లికర్స్ అనే మరో సాధనం ఉంది. ఇందులో పిల్లల చేతిలో కాగితపు కార్డు మాత్రమే ఉంటుంది. ప్రతి కార్డు మీదా వేరు వేరు నలుపు తెలుపు బొమ్మ, దాని నాలుగు అంచుల దగ్గర సన్నటి అక్షరాల్లో ఎ, బి, సి, డి అచ్చయి ఉంటాయి. ఎంచుకున్న అక్షరం పైకి వచ్చేలా కార్డు పట్టుకుంటే ఉపాధ్యాయుడు తన ఫోన్ కెమెరాను తరగతి మీదుగా తిప్పి అందరి జవాబులూ ఒక్కసారే చదివేసుకోవచ్చు. ఏ రెండు కార్డులూ ఒకేలా ఉండవు కనుక పక్కవాడి కార్డు చూసి తిప్పడం కుదరదు. కార్డులను వెబ్‌సైటు నుంచి దించుకుని జెరాక్స్ తీయించవచ్చు. చిరగకుండా అట్ట మీద అతికించడం మేలు, మెరిసే లామినేషన్ చేయిస్తే వెలుతురు తిరగగొట్టి కెమెరాకు బొమ్మ అందదు. ఉచిత ఖాతాలో ఒక్కో సెట్‌కు పెట్టుకోగల ప్రశ్నలు కొద్ది, వేగానికి పాయింట్లు లేవు, పోటీ హంగులు లేవు. నా కొలమానంతో చూస్తే చివరి రెండూ సుగుణాలే. పిల్లలు ముందు ఎవరికి వారు కార్డు చూపిస్తారు, జవాబు బయటపెట్టకుండా జట్టులో చర్చించుకోమంటాం, తర్వాత మళ్లీ చూపిస్తారు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1991 నుంచి ప్రచారంలోకి తెచ్చిన సహపాఠి బోధన పద్ధతి ఇదే. మొదటిసారికీ రెండోసారికీ మధ్య ఎంతమంది కార్డు తిప్పారో చూస్తే చర్చ పనిచేసిందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. కహూట్‌తో ఇది ఇంత సులభంగా సాధ్యం కాదు.

2015లో బెంగళూరులో మొదలై 2025లో వేగ్రౌండ్‌గా పేరు మార్చుకున్న క్విజిజ్‌ను కూడా చాలామంది ఉపాధ్యాయులు వాడుతున్నారు. ప్రశ్నల నిధి పెద్దది, పిల్లలు ఎవరి వేగంతో వారు ఆడుకోవచ్చు, ఇంటిపనికి ఇవ్వడానికి బాగుంటుంది, కాగితపు కార్డులతో ఆడించే ఏర్పాటూ ఉంది. అయితే ఎవరి తెర మీద వారి ప్రశ్న నడిచేటప్పుడు తరగతి మొత్తం ఒకే ప్రశ్న దగ్గర ఆగి మాట్లాడుకునే సందర్భం రాదు. జట్టు చర్చ కోసమైతే నేను దాన్ని ఎంచుకోను.

కహూట్ టీమ్ మోడ్‌ను ఐదుకు మూడున్నర దగ్గర నిలుపుతాను. తెచ్చి తెరిచినట్టే వాడితే అది రెండున్నరకు మించి అర్హమైనది కాదు. గడువు పెంచి, పరికరం చేతులు మార్చి, పట్టీలు కనిపించిన చోట ఆగి కారణాలు అడిగే ఓపిక ఉన్న ఉపాధ్యాయులకు నాలుగు కూడా దాటుతుంది. కంప్యూటర్ గది, నెట్ సరిగా ఉన్న హైస్కూళ్లకు దీన్ని, ఆ రెండూ లేని బడులకూ ప్రాథమికోన్నత పాఠశాలలకూ ప్లికర్స్ కార్డులను నేను సూచిస్తాను. కహూట్‌లో తయారుగా దొరికే క్విజ్‌లను దించుకుని ఆడించడం కంటే సొంతంగా రాసుకోవడం మంచిది, ఎందుకంటే వాటిలో అధికశాతం ఒక్క మాటతో తేలిపోయే ప్రశ్నలే. 45 నిమిషాల పీరియడ్‌కు ఆరు ప్రశ్నలు సరిపోతాయి. వాటిలో రెండు సులభమైనవిగా ఉండనిచ్చి, మిగిలిన నాలుగింటిలో ప్రతి తప్పు జవాబూ మన పిల్లలు పరీక్ష కాగితాల మీద నిజంగా రాసే పొరపాట్ల నుంచే తీసుకోవాలి. అందుకే దిద్దిన కాగితాలను తిరిగి ఇచ్చేముందు ఆ పొరపాట్లను ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంటాను. తర్వాతి యూనిట్ క్విజ్‌కు ప్రశ్నలు చాలావరకు దాని నుంచే వస్తాయి.